గోడ అవతలి చప్పట్లు

డాన్సు నా వృత్తి అనగానే కూచిపూడి అనుకుంటారు. నేనూ వెంటనే కాదనను. నిజానికి గోదావరి జాతరల్లో రికార్డింగ్ డాన్సులు చేసి, ఎనభైల మొదట్లో దుబాయ్ వెళ్ళి, నైఫ్ బజారు దగ్గరి ఒక హోటల్లో కౌబాయ్ టోపీ, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని అమెరికా పల్లెపాటలకు ఆడాను. పాడేది గోవా కుర్రాళ్ళు. చూసేది చమురు కంపెనీల తెల్లదొరలు. పెళ్ళి ఊరేగింపులో తప్ప గుర్రాన్ని చూడని నేను గుర్రమెక్కినట్టు ఎగురుతుంటే వాళ్ళకు సొంత ఊరు గుర్తొచ్చేదట. నాకు నవ్వొచ్చేది.

చివరి పాట మహా హుషారుగా ఉండేది. అది అయిపోగానే మడమతో నేల మీద రెండు దెబ్బలు వేసేదాన్ని. హాలు చప్పట్లు కొట్టి ఆగిపోయాక, వంటగది గోడ అవతల నుంచి ఇంకో రెండు చప్పట్లు వినిపించేవి, అచ్చం నా మడమ దెబ్బల తాళంలోనే. గిన్నెలు కడిగే మనిషెవరో అనుకున్నాను. అవి వినిపించకపోతే నాకు ఆట ముగిసినట్టుండేది కాదు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం, ఆటకు ముందు, వెనక గుమ్మం దగ్గర ఒకాయన నా కోసం నిలబడ్డాడు. చెప్పులకు సిమెంటు అంటుకుని ఉంది. ఊరవతల సజ్జా అనే చోట లేబర్ క్యాంపులో ఉంటానన్నాడు.

"చెల్లె, మా తమ్ముడు ఈ గోడకాడ్నే నిలవడి నీ పాట వింటుండె. సముద్రం కాడ జెట్టీ పని అయినంక కంపెనీ బస్సు ఈడికే వస్తది. ఆఖర్ల రెండు చప్పట్లు కొట్టి బస్సెక్కుతుండె."

"ఆయనేనా?" అన్నాను సంబరంగా. "ఎక్కడున్నాడన్నా?"

"ఎండకాలంల సముద్రంల పడ్డడు. పీనుగ దొర్కలె. కంపెనోళ్ళు ఖలాస్ అన్నరు."

నిన్న కూడా విన్నాను ఆ చప్పట్లు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

శవం కళ్ళతో చూడలేదు కాబట్టి తమ్ముడు పోయాడంటే ఆయన మనసు ఒప్పుకోవడం లేదు. ఇంటికి కబురు కూడా చేయలేదు. క్యాంపులో తోటివాళ్ళే పట్టుబట్టి, శుక్రవారం తమ్ముడి పరుపును పాడె కట్టి సాగనంపుదామన్నారట. వాళ్ళ వైపు డప్పూ ఆటా లేకుండా సాగనంపరు.

"డప్పు ఈడ యాడ దొర్కుతది? వానికి నచ్చిన పాటకే నువ్వు ముంగట ఆడాలె."

"చావులకు ఆడే మనిషిలా కనిపిస్తున్నానా?" అని మండిపడ్డాను. ఆయన కోప్పడలేదు, కదలనూ లేదు. చివరికి సరేనన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం షట్టరింగ్ చెక్క మీద చుట్టిన పరుపు, దాని మీద తమ్ముడి చొక్కా పెట్టి నలుగురు భుజానికెత్తుకున్నారు. మా గోవా కుర్రాళ్ళలో ఒకడు డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు, టేపులో ఆ చివరి హుషారు పాట మోగింది, నేను ముందు ఆడాను. ఒక్కరూ ఏడవలేదు. ఆ హుషారు పాట వెనక చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక్కి చూడాలంటే భయమేసింది.

క్యాంపు ముందరి సిమెంటు నేల అంచున పాడె దించారు. దింపుడు కల్లం మా వైపూ ఉంది. చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఊపిరి మిగిలుంటే పలుకుతాడని. పలికితే ఇంటికి తిరిగి తీసుకుపోవాలి. టేపు ఆపారు. నేను పాడె వైపు తిరిగి నిలబడ్డాను. చెవి ఎక్కడుంటుందో తెలియక అన్న చొక్కా కాలరు దగ్గర నోరు పెట్టి "తమ్మీ" అని పిలిచాడు. మూడోసారి పిలవబోయి చొక్కాలో మొహం దాచుకున్నాడు.

పాట ఆగితే నా కాళ్ళకు తెలిసింది ఒక్కటే. వాటంతటవే మడమ దెబ్బలు వేశాయి.

రెండు చప్పట్లు వినిపించాయి. తీరిగ్గా, నా వెనక, ఎవరూ లేని వైపు నుంచి. మోసేవాళ్ళ చేతులు పాడె మీదే ఉన్నాయి.

అన్న తలెత్తాడు. "చెల్లె, ఏమన్న వినవడ్డదా?"

ఆ కళ్ళల్లో ఆశ చూసి చప్పట్లకంటే ఎక్కువ భయపడ్డాను. అవునంటే ఆ పరుపు మళ్ళీ మంచమెక్కుతుంది, ఈ మనిషి బతికినన్నాళ్ళూ ఆ గోడ దగ్గర నిలబడతాడు.

"లేదన్నా," అన్నాను. "లేపండి."

డ్రమ్ము మళ్ళీ మొదలైంది. అన్న అప్పుడు ఏడ్చాడు, గట్టిగా. నేను వెనక్కి తిరగకుండా ఆడుతూ పోయాను.

మర్నాడు హోటల్లో మడమ దెబ్బలు వేసి, హాలు సద్దుమణిగేదాకా ఆగాను. గోడ అవతల బస్సు బయల్దేరిన చప్పుడొక్కటే వినిపించింది.