ఖైరున్‌బీ ఫ్రిజ్

జీవితంలో నేను పూర్తి నిజాయితీతో చేసిన పని ఒక్కటే. దానివల్ల ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదు, నా పరువు తోపుడుబండి ఎక్కి ఊరేగింది. ఆ ఘనకార్యం చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది, వినండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ చేతికొచ్చింది, బుద్ధి ఇంకా రాలేదు. రేషన్ కార్డులు ఎవరికి ఉంచాలో తేల్చడానికి మా ఉప్పుగూడలో ఇల్లిల్లూ తిరిగే సర్వే పని దొరికింది. ఫారంలో ఓ ప్రశ్న ఉండేది: ఇంట్లో ఫ్రిజ్ ఉందా? ఉంటే పేదలు కారు, అంతే! ఏసీ గదిలో కూర్చుని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, నాకది వేదవాక్కు.

మా గల్లీ చివర ఖైరున్‌బీ ఉండేది. భర్త పోయాడు. లక్క గాజులకు రాళ్లు అంటించి ముగ్గురు పిల్లల్ని సాకేది. రేకుల గది. మూలన నిలువెత్తు ఫ్రిజ్!

"ఇదేంది చాచీ?" అన్నాను దొంగను పట్టుకున్న పోలీసులా.

"కబాడీల, పాత సామాన్లోని దగ్గర తెచ్చిన బేటా. ఎలుకలు మస్తున్నయ్. బియ్యం దాస్త గిండ్ల."

తలుపు తీసి చూపించింది. బియ్యం డబ్బా, పిల్లల స్కూలు బట్టలు ఉన్నాయి. వెనక వైరే లేదు.

"నడవకున్నా ఫ్రిజ్ ఫ్రిజ్జే గద చాచీ."

"అరే, ఉన్నది గని లేదు. గట్లనే రాయి."

"గట్ల రాయనీకి గడి లేదు. ఉందా, లేదా, రెండే."

"కార్డు పోతే పిల్లలకు ఏం పెట్టాలె బేటా?"

నిజాయితీపరుల చెవులకు ఇలాంటివి ఎక్కవు. "ఉంది" అని టిక్కు కొట్టి, ఛాతీ విరుచుకుని బయటపడ్డాను.

తర్వాత బస్తీ లీడర్ నర్సింగన్న మూడంతస్తుల మేడ. "ఇల్లు అమ్మ పేరు మీదుంది తమ్మీ, కారు బామ్మర్దిది. ఫ్రిజ్ గూడ కింద అమ్మ వాటాల ఉంది. నాదేముంది, ఒట్టి మనిషిని" అంటూ కాగితాలు ముందు పడేశాడు. కాగితాలే చెబుతుంటే కాదనడానికి నేనెవర్ని? "లేదు" అని రాశాను.

ఆఖరున మా ఇల్లు. నాన్న నడిపే స్టీలు సామాన్ల దుకాణం తాత పేరు మీద ఉంది. ఫ్రిజ్ రెండు రోజుల కిందటే రిపేరుకు వెళ్లింది.

"అమ్మా, ఇంట్ల ఫ్రిజ్ ఉందా?"

"రిపేర్ల ఉంది గదరా, తెల్వదా?"

"ఇంట్ల ఉందా లేదా, గంతే చెప్పు."

"లేదు తియ్!"

"లేదు" అనే రాశాను. ఒక్క అబద్ధం ఉంటే చూపించండి!

నెల తిరిగేసరికి ఆఫీసు గోడ మీద కార్డులు దక్కినవాళ్ల లిస్టు పడింది. అందులో నర్సింగన్న ఉన్నాడు, మా నాన్న ఉన్నాడు. ఖైరున్‌బీ లేదు. లీడర్ దగ్గరికి పరుగెత్తాను.

"ఎట్లనన్న ఆమె పేరు ఎక్కించన్నా!"

"నువ్వే రాస్తివి గద తమ్మీ! ఎలక్షన్ల ముంగట యాది చెయ్, చూద్దాం."

పేదలకు ఐదేళ్లకోసారే ఆకలేస్తుందని ఆయన నమ్మకం.

మర్నాడు పొద్దున వాకిట్లో ఒకటే లొల్లి. తోపుడుబండి మీద ఆ ఫ్రిజ్, పక్కన ఖైరున్‌బీ, వెనక గల్లీ జనమంతా.

"ఏంది చాచీ ఇది?"

"లిస్టు సదివించుకున్న బేటా, మీ నాయిన పేరుంది. మీ ఇంట్ల ఫ్రిజ్ లేదంట గద, పాపం. నాకు దాయనీకి బియ్యమే లేవు. ఇగ నుంచి బియ్యం మీకే వస్తయ్ గద, దీంట్ల పెట్టుకోండ్రి."

సరిగ్గా అప్పుడే, రిపేరై వచ్చిన మా ఫ్రిజ్ ఇంట్లోంచి గుర్రుమంది. గల్లీ అంతా విన్నది. నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కలలోకొస్తుంది.

ఆ రోజే నాన్న మా కార్డు వద్దని రాసిచ్చి, ఖైరున్‌బీ ఇంటికి బియ్యం బస్తా పంపాడు. నేను నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే ఆమె కార్డు వచ్చింది. దాన్ని నర్సింగన్న తన చేతులతో ఇచ్చి, దండ వేయించుకుని ఫొటో దిగాడు. నన్ను పక్కకు జరగమన్నారు.

అప్పుడే మా ఫ్రిజ్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ అంత నిజాయితీగా ఉండను.