అటకగది కిటికీకి డచ్ మాట

మొన్న మా అమ్మాయి హోంవర్క్ చేస్తూ ఒక్కో ఇంగ్లీషు మాటను చప్పట్లతో ముక్కలు చేస్తుంటే నేనూ తెలియకుండానే వాటిని లెక్కపెట్టసాగాను. పదేళ్ల కిందట మాంచెస్టర్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆంటీ గుర్తొచ్చింది. ఆవిడ డచ్ మనిషి. ఆఫీసువాళ్లు నన్ను ఆమ్‌స్టర్‌డామ్ ప్రాజెక్టుకు పంపుతామనడంతో, శనివారం మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర ఆవిడే నాకు డచ్ నేర్పేది. ఆ భాషలో మూడు నాలుగు మాటల్ని సందు లేకుండా అతికించి రాసేస్తారు. ఎక్కడ విరవాలో తెలియకపోతే నోరు తిరగదు. ఆంటీ ఒక్కో ముక్కకూ చెక్క గరిటెతో బల్ల మీద ఒక దెబ్బ వేసేది. సమాసాలు బట్టీపట్టి పెరిగినదాన్ని, నాకిదొక లెక్కా అనుకున్నాను. కానీ మాటను హల్లుతో ముగించడం నా తెలుగు నాలుకకు చేతకాలేదు.

ఆ శనివారం పొద్దుటినుంచీ ఒకటే వాన. ఆరోజు మాట, అటకగది కిటికీ. "జోల్-దర్-కా-మర్-రామ్," ఐదు దెబ్బలు. నేను చివర 'రాము' అని సాగదీసి ఆరు కొట్టాను. "రాము ఎవరు? రామ్ అంటే కిటికీ," అంది ఆంటీ నవ్వాపుకుంటూ. మళ్లీ ఆరే కొట్టాను. అప్పుడు మా కాళ్ల కింద, సెల్లార్‌లోంచి, నింపాదిగా ఐదు దెబ్బలు వినిపించాయి.

సెల్లార్‌కు తాళం వేసి ఉంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

ఆంటీ వంగి నేల వైపు చూసింది. "నువ్వూ విన్నావా?" అని చాలా మెల్లగా అడిగింది. విన్నానన్నాను. నా మణికట్టు పట్టుకుని గబగబా మెట్లెక్కించింది. పైగదికి చేరామో లేదో కింద ఇల్లదిరేలా చప్పుడైంది. డ్రెయిన్ పగిలి సెల్లార్ నిండి, వంటింటి నేల కూలి, మేం కూర్చున్న బల్లా కుర్చీలూ నల్లటి నీళ్లలోకి దిగబడ్డాయి.

ఫైర్ బ్రిగేడ్ వచ్చేదాకా మంచం మీద కూర్చుని చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కట్ట తెగి వరదొచ్చినప్పుడు, నానమ్మ తనను అటకెక్కించి, తాను ఎక్కలేక కింది గదిలోనే ఉండిపోయిందట. పిల్ల భయపడకుండా, "పెద్ద పెద్ద మాటలు చెప్పు, నేను కర్రతో విరుస్తా" అందట. పైనుంచి మాట, కిందినుంచి దెబ్బలు. "చివరికి ఎదురుగా ఉన్నదే చెప్పాను. అటకగది కిటికీ. దానికి జవాబు రాలేదు," అంది ఆంటీ.

నీళ్లలో తేలిన చెక్కలేవో నేలకు కొట్టుకుని ఉంటాయన్నాడు ఫైర్‌మ్యాన్. ఆవిడ తలూపింది. నేనూ కాదనలేదు. కొన్ని జవాబులు వచ్చి చేరడానికి ఒక జీవితమంతా పడుతుందేమో. అప్పటికి మనం ముసలివాళ్లమైపోతాం, అడిగిన పిల్ల మాత్రం చెవి నేలకానించి అక్కడే ఉంటుంది.