తడిక గోడలో గాడి

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక సెక్షన్‌కు బదిలీ చేశారు. ప్రభుత్వ భవనాలను చూసుకునే శాఖలో నేను అసిస్టెంట్ ఇంజనీర్‌ని, పొట్టిగా ఏఈని. సెక్షన్ అంటే ఒక ఏఈ బాధ్యతలో ఉండే ప్రాంతం. ఏఈ పైన డీఈ, ఆయన పైన ఈఈ. ఎస్టిమేట్ రాసేది ఏఈ, సరిచూసేది డీఈ. గోడ కూలితే మాత్రం ముందుగా పిలిచేది ఏఈనే.

అక్కడ నాకు అప్పగించిన మొదటి పని ఒక బాలికల హాస్టల్లో స్నానాల గదుల మరమ్మతు. ఎప్పుడో అధికారుల విడిది కోసం కట్టిన పెంకుటిల్లు తర్వాత హాస్టల్ అయింది. వెనక వసారాను ఆనుకుని మూడు స్నానాల గదులున్నాయి. పైపులు కారి కారి రెండింటికి తాళం పడింది. వార్డెన్ సుగుణ గారు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, "జూన్‌ల పిల్లలు వస్తరు మేడమ్. డెబ్బై మందికి ఒక్కటే గది. నిరుడు బోరు కాడ చీరలు అడ్డం కట్టి స్నానాలు చేయించిన. ఈ ఏడు గట్ల చేయించుడు నాతోని కాదు" అన్నారు. గొంతు పెంచకుండానే అన్నారు. జూన్ మొదటికల్లా పూర్తి చేస్తానని మాటిచ్చి వచ్చాను.

భవనం చుట్టూ తిరిగి చూశాను. బయటి గోడకు ఒకచోట పెచ్చు ఊడి ఎర్ర ఇటుక కనిపించింది. స్నానాల గదులకూ వసారాకూ మధ్యనున్న గోడను గుమ్మం దగ్గర టేపుతో కొలిస్తే ఇటుక గోడ మందానికి సరిపోయే తొమ్మిది అంగుళాలు వచ్చింది. దాన్ని కూడా ఇటుక గోడగానే ఎస్టిమేట్‌లో రాసి సంతకం చేశాను. డీఈ గారు ఆమోదించారు. కొత్త పైపులు బయటికి కనిపించకుండా గోడలో ఒకటిన్నర అంగుళం లోతున గాడి కొట్టాలి, వాటిమీద టైల్స్ అతికించాలి. కాగితం మీద అది పదిహేను రోజుల పని.

మేస్త్రీ వీరస్వామిది పెనుబల్లి. పనిమంతుడు, మాటకారి. మొదటిరోజు సుద్దతో గోడమీద నడుమెత్తున రెండు అడ్డగీతలు గీసి, కటింగ్ మిషన్ ఆన్ చేశాడు. సున్నం పొర కోసినంతసేపు తెల్లటి దుమ్ము లేచింది. తర్వాత ఎర్రగా రావాల్సింది పసుపుపచ్చగా వచ్చింది. "పాత ఇటుక మేడమ్, సరిగా కాలలేదు" అని ముందుకు పోనిచ్చాడు. రెండడుగులు కోశాక మిషన్ గుర్రుమని ఆగిపోయింది. బ్లేడుకు నారలాంటిదేదో చుట్టుకుంది. దాన్ని లాగబోతే చాటంత పెచ్చు ఊడి కిందపడింది. పైన పెంకులు కదిలిన చప్పుడైంది. ముగ్గురం వసారాలోకి వచ్చేశాం.

మూడో మనిషి జోగమ్మ. పక్క గూడెం నుంచి సిమెంటు మాలు కలపడానికి వచ్చిన కూలీ. యాభై ఏళ్లుంటాయి. పెంకులు సద్దుమణిగాక ఆమె వెనక్కి వెళ్లి, ఊడినచోట వేలు పెట్టి చూసింది.

"ఇది ఇటుక గోడ గాదు మేడమ్. వెదురు తడిక. రెండు దిక్కుల మన్ను మెత్తి సున్నం పూసిన్రు. మా ఇండ్లు గిట్లనే ఉంటయ్."

"నలభై ఏళ్ల నుంచి గోడలు కడుతున్నా, నాకు చెప్తున్నావా?" అన్నాడు వీరస్వామి.

"నువ్వు ఇటుకయి కట్టినవ్. దీన్ల గుంజలుంటయ్. పైన దూలం గుంజ మీదనే ఉంటది. నీ మిషన్ ఇంక జరంత పోతే దాన్ని కోసేది."

ఊడినచోట టార్చి వేసి చూశాను. కోత ఆగిన చోటికి రెండు వేళ్ల దూరంలో నిలువు గుంజ ఉంది. గీత గీసింది వీరస్వామే అయినా, ఇటుక గోడ అని రాసింది నేను.

డీఈ గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన, గోడ లోపల చూడకుండా అది ఇటుకని ఎట్లా రాశావమ్మా అని అడిగారు. లోపల చూడకుండా మీరెట్లా ఆమోదించారని అడగాలనిపించింది, అడగలేదు. మర్నాడు ఆయనే వచ్చారు.

జోగమ్మ గోడ పొడవునా వేలి కణుపులతో తట్టుకుంటూ పోయి, అయిదు చోట్ల బొగ్గుతో గుర్తు పెట్టింది. డీఈ గారు నమ్మలేదు. రెండు గుర్తుల దగ్గర పెచ్చు తీయించారు. రెండు చోట్లా గుంజే. ఆరోది కూడా ఉంటుందని, అది ఎక్కడో తాను చెప్తానని వీరస్వామి చాలాసేపు తట్టి ఒకచోట చూపించాడు. అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. డీఈ గారు నవ్వేశారు. "నాకు అంతా ఒకే తీరుగా వినపడుతుంది సార్" అని వీరస్వామి కూడా నవ్వాడు.

జోగమ్మ నవ్వలేదు. పాత కుళాయి పక్కనున్న గుంజ దగ్గర కూర్చుని కింద మళ్లీ మళ్లీ తట్టింది. "దీని కాలు పుచ్చింది సార్. మోగుతలేదు" అంది. పెచ్చు తీస్తే, ఏళ్ల తరబడి కారిన నీటికి నానిన టేకు గుంజ అడుగు చేతికి పొడిపొడిగా వచ్చింది. తాళం వేయని మూడో గది సరిగ్గా ఆ గుంజ మోస్తున్న దూలం కింద ఉంది. సుగుణ గారు ఆ గుంజను చూసి, "సెలవులు ఇచ్చే దాకా పిల్లలు ఈన్నే తానం చేసిన్రు" అని మాత్రం అన్నారు.

ఆ పూటే దూలం కింద ఇనుప జాకీలు నిలబెట్టించాం. పుచ్చిన అడుగు కోసి, కాంక్రీటు దిమ్మ పోసి, గుంజను దానిమీద కూర్చోబెట్టాం. గాడి ఆలోచన మానేశాం. పాత గోడకు జానెడు ఎడంగా, సొంత పునాదితో నడుమెత్తు ఇటుక గోడ కట్టి, పైపులు, టైల్స్ దానికే పెట్టాం. పాత గోడకు సిమెంటు పూయకూడదని, పూస్తే లోపలి తేమ బయటికి పోదని డీఈ గారు చెప్పారు. అందుకని గడ్డి కలిపిన మన్నే మెత్తించి, పైన సున్నం పూయించాం. ఆ పని ఎట్లా చేయాలో జోగమ్మ చెప్పింది, వీరస్వామి చేశాడు. మూడోరోజుకు అతను, "మేస్త్రమ్మా, మన్ను ఈ పదును చాలా?" అని అడగడం విన్నాను. "ఇంకింత తొక్కాలె" అందామె. దిగి తొక్కాడు.

సవరించిన ఎస్టిమేట్‌లో, మార్పుకు కారణం అనే చోట, గోడ రకాన్ని గుర్తించడంలో నా పొరపాటు అని రాశాను. ఈఈ గారు దాన్ని అలాగే మంజూరు చేశారు. పిల్లలు వచ్చేనాటికి రెండు గదులు సిద్ధమయ్యాయి, మూడోది వారం ఆలస్యమైంది. చీరలు కట్టాల్సిన పని పడలేదు.

పునాది ఎంత లోతుందో తెలియకపోతే గుంత తవ్వి చూస్తాం. గోడకు కూడా అలా చూడాలని నియమం లేదు కనుక నేను చూడలేదు. మిగిలిన ఉద్యోగ కాలంలో ఏ పాత భవనానికి ఎస్టిమేట్ రాయాల్సి వచ్చినా, ప్రతి గోడకూ మూడు చోట్ల అరచేయంత పెచ్చు తీయించి, చూశాకే అదేం గోడో రాశాను. అలాంటి ఇళ్లు కట్టినవాళ్లు ఆ ఊళ్లో ఉంటే పిలిపించి అడిగాను. దానికి అరపూట కంటే ఎక్కువ పట్టదు.