ఖాయం అనేదాకా

అనంతపురం పోయే బస్సు సోమందేపల్లె దాటింది. నేను ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని తల పట్టుకుని కూర్చున్నాను. వేరుశనగ మిల్లులో, తూకం మిషను నుంచి కేబుల్లో వచ్చే బరువును కంప్యూటర్లో చదివే ప్రోగ్రాం నాది. ఒక్కోసారి 1846 కిలోలు 184గా పడుతోంది. ఆ ఉదయమే ఒక రైతు నమ్మకం పోయి ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఏమప్పా, ఏందో పోగొట్టుకున్నట్ల చూస్తాండావు?" అన్నాడు పక్క సీటు పెద్దాయన. చెప్పాను.

ఆయన చింతపండు మండీలో తూకాలు రాసేవాడట. "కాటా కాడ నిలబడినోడు అంకె ఒక్క గుక్కలో చెప్పడప్పా. సగం చెప్పి దమ్ము తీసుకుంటాడు. ఆఖర్న 'ఖాయం' అంటాడు. అది ఇనపడేదాంక నేను పెన్ను ఆనించేటోణ్ణి కాదు. మీ మిషను ఖాయం అనదా?"

అంటుంది. ప్రతి బరువు చివరా ఒక ముగింపు గుర్తు పంపుతుంది. నేనే దాన్ని పట్టించుకోకుండా, అందిన ముక్కనే పూర్తి అంకె అనుకున్నాను. ముక్కలన్నీ పోగేసి, ఆ గుర్తు వచ్చాకే చదివేలా అక్కడే కోడ్ మార్చడం మొదలుపెట్టాను.

"నేనూ ఒకతూరి తొందరపడి రాసినా. ఆ రైతు..." అని ఆయన ఆగాడు.

"ఊఁ" అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండా.

తల ఎత్తేసరికి బస్సు పెనుకొండలో ఆగి ఉంది. పక్క సీటు ఖాళీ.

మిల్లులో మళ్ళీ ఏ తూకమూ మధ్యలో తెగలేదు. పెద్దాయన చెప్పబోయిన ఆ రైతు సంగతే నాకు సగంలో ఆగిపోయింది.