హరిలాల్ అన్న నోట రాని మాట

హరిలాల్ అన్న నోట ఒక్క మాట మాత్రం వచ్చేది కాదు. అది 'చెడిపోయింది'. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఆ మాట అనకుండా దుకాణం నడపడమంటే, డాక్టరు జ్వరం అనే మాట లేకుండా దవాఖాన నడిపినట్టే. ఆయన లెక్కలో ఏ వస్తువూ చెడిపోదు. అలుగుతుంది.

ఒకసారి మా వాడకట్టు వెంకట్ ట్రాలీ ఆటో వెనక్కి తీస్తూ తన మానిటర్ మీదికే ఎక్కించాడు. ముక్కలు సంచిలో పోసుకుని తెచ్చాడు. హరిలాల్ అన్న సంచిలోకి తొంగి చూసి, చాలాసేపు ఆలోచించి, "దీనికి జర కోపమెక్కువ" అన్నాడు.

నేను డిగ్రీ అయ్యాక ఉద్యోగపరీక్షలన్నీ తప్పి, ఊరి మీదా లోకం మీదా మంటతో, గదిలో పడుకుని దొరికిన పుస్తకమల్లా చదువుతున్న రోజులవి. పాత తెలుగు పుస్తకాలు టైపు చేసే పని ఒకటి దొరికేలా ఉంది. ఒక తెర మీద పాత పేజీ, ఇంకో తెర మీద టైపింగు. సోమవారానికి కొన్ని పేజీలు చేసి చూపించాలి. నా పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంటే అందులో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది హరిలాల్ అన్నే. దానికి ఇప్పుడు బయటి మానిటర్ తగిలిస్తే 'నో సిగ్నల్' అని చూపించి నల్లబడింది. రెండూ మోసుకుని దుకాణానికి పోయాను.

"చెడిపోయిందన్నా."

"నో సిగ్నల్ అన్నదా?"

"అన్నది."

"మరి మాట్లాడుతున్నది గద. నిజంగ మాటలు బంద్ జేసినోళ్లు గది గూడ అనరు."

ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ చిప్‌లు రెండున్నాయని, అవి అన్నదమ్ములని చెప్పాడు. ల్యాప్‌టాప్ తెర తమ్ముడి చేతిలో, బయటి మానిటర్ వైరు అన్న చేతిలో. మొన్నటి అప్‌డేట్‌తో లినక్స్‌కు పునాది లాంటి కెర్నెల్ మారింది. అన్న చిప్‌తో పని చేయించే డ్రైవర్ అనే ప్రోగ్రాముకు ఆ కొత్త కెర్నెల్ కుదరలేదు.

"ఇల్లు మారినం గని అన్నను అడగలే. అలిగి పండుకున్నడు" అని తేల్చాడు.

బతిమాలడం మొదలుపెట్టి కొత్త డ్రైవర్ వేశాడు. మళ్లీ ఆన్ చేస్తే, అప్పటిదాకా బాగున్న ల్యాప్‌టాప్ తెర కూడా నల్లబడింది. ఆయన ఏమాత్రం కంగారు పడకుండా, "తమ్మునికి గూడ తెలిసినట్టున్నది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అన్నీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. మా బాపు ఉప్పలయ్య మిర్చి మార్కెట్లో హమాలీ. ఈ పని కూడా పోతే భూపాలపల్లిలో తెలిసినవాళ్ల హోటల్లో పనికి పంపుతానని ముందే చెప్పాడు. లోపలి నుంచి నేను అన్నది ఒక్కటే: నాతో ఎవ్వరూ మాట్లాడకండి.

ఆదివారం హరిలాల్ అన్న బండి మా ఇంటి ముందు ఆగింది. బాపు గడపలోనే ఆపాడు.

"ఎందుకు నీకీ తిప్పలు హరిలాలూ. గదీ చెడిపోయింది, వీడూ చెడిపోయిండు."

నా గురించి వాడకట్టంతా అంటున్న మాటే. బాపు నోట వినడం అదే మొదలు.

హరిలాల్ అన్న బండికి స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"చెడిపోలే కాకా. అలిగిండు."

"ఎవరి మీద?"

"గది వానికే తెల్వదు. మెల్లగ అడగాలె. లోపటికెల్లి ఏమన్నడు?"

"మాట్లాడొద్దన్నడు."

"మరి మాట్లాడుతున్నడు గద."

తలుపు నేనే తీశాను. ఆయన కొత్త డ్రైవర్ తీసేసి పాతది పెట్టుకొచ్చాడట. ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాడు. రెండు తెరలూ వెలిగాయి. "అన్నకు పాత ఇల్లే నచ్చింది" అని చెప్పి, నా ముఖం కూడా చూడకుండా వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు. సోమవారం పేజీలు పంపాను. ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నది ఆ పనే.

హరిలాల్ అన్న ఇప్పుడు ఈ ఊళ్లో లేడు. ఆయన భార్య రాధాబాయి వదినకు భూపాలపల్లి అవతల కాటారంలో నర్సు ఉద్యోగం రావడంతో దుకాణం మూసేశాడు. అదే గదిలో అద్దాల తలుపుతో కొత్త దుకాణం వచ్చింది. అక్కడి మనిషి ల్యాప్‌టాప్ మూతైనా తెరవకుండా 'చెడిపోయింది, కొత్తది తీసుకోండి' అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా కాటారం ఎంత దూరమో గుర్తొస్తుంది. ఈ ఊళ్లో నా వయసువాళ్లు ఎంతమంది ఆ మాట పడి తలుపులు వేసుకున్నారో, వాళ్ల గడపల ముందు ఏ బండీ ఆగలేదు కదా అనిపిస్తుంది.

మొన్న ఇంకో అప్‌డేట్ వచ్చి మానిటర్ మళ్లీ నల్లబడింది. అన్నం పళ్లెం పక్కకు నెట్టి దాంతో కుస్తీ పడుతున్నాను. బాపు గుమ్మంలో నిలబడి చూశాడు. "చెడి" అని ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"అలిగిందా?"

"ఊఁ."

"నో సిగ్నల్ అన్నదా?"

"అన్నది."

"అయితే ఏం గాలే. ముందుగాల నువ్వు తిను. ఇద్దరూ ఒక్కసారే అలిగితే నేను ఎవరినని బతిమాలాలె."