బంగారుతీగ పొలుసు

మొన్న ఆదివారం శామీర్‌పేట చెరువు దగ్గర బంగారుతీగ చేప కొన్నాను. బేరమాడలేదు, భూములు పోయినా మా ఇంట్లో ఆ అలవాటు రాలేదు. చేప కోసే ఆమె గీరుతుంటే ఒక పొలుసు ఎగిరి నా చొక్కా చేతికి అంటుకుంది. దులపబోయి ఆగాను. అలాంటిదే ఇంకొకటి చాలా ఏళ్లుగా నా పర్సులో ఉంది. అది చెక్ దేశపుది.

మేడ్చల్ వైపు మా పొలాలు చుట్టిరావాలంటే గుర్రం కావాలని అవ్వ చెప్పేది. నేను గుర్రాన్నీ చూడలేదు, పొలాన్నీ చూడలేదు. నేను చూసింది జీడిమెట్లలో ఒక కార్ఖానా. అందులో ఫిట్టర్‌ని. కన్నతండ్రి బాపుకు మాత్రం ఆఫీసర్‌నని చెప్పాను. మా ఇంట్లో ఒకరి కింద పనిచేసి చేతులకు గ్రీజు పూసుకున్నవాడు అంతకుముందు లేడు. రోజూ ఇస్త్రీ చొక్కాతో వెళ్లి, అక్కడే కిరోసిన్‌తో చేతులు కడుక్కొని, అదే చొక్కాతో తిరిగి వచ్చేవాణ్ని.

ఒక ఏడాది చెక్ దేశం నుంచి ఒక పెద్ద మిషన్, దాన్ని బిగించడానికి ఒక ఇంజనీరు వచ్చారు. పని పూర్తయ్యాక ఆయన మా ఇల్లు చూస్తానన్నాడు. ఇంటికి వస్తానన్న మనిషిని వద్దనలేను. నా బండారం బయటపడుతుందని తెలిసే తీసుకెళ్లాను.

బాపు కుర్చీలోంచి లేవకూడదని నిశ్చయించుకొని కూర్చున్నాడు. ఇంజనీరు ఎవరూ చెప్పకముందే గడప బయట బూట్లు విప్పి, పక్కపక్కన సర్ది, లోపలికి వచ్చాడు. వాళ్ల ఇళ్లలోనూ అదే పద్ధతట. బాపు లేచి నిలబడ్డాడు.

"ఏ దేశమో అడుగు," అన్నాడు నాతో.

ఆయన చెప్పింది నేను తెలుగు చేశాను. వాళ్లకు ఏ వైపూ సముద్రం లేదు. దేశం అంచుల్లో కొండలు, అడవులు; రాజధాని మధ్యలోంచి నది. గాజు సామాను, బీరు, మిషన్లు, కార్లు ఆ చిన్న దేశం నుంచి లోకమంతా పోతాయి. వందల ఏళ్ల కింద మనుషులు తవ్విన చెరువులు ఉన్నాయి. వాటిలో ఈ బంగారుతీగనే పెంచుతారు. క్రిస్మస్ విందుకు ముందే ప్రాణంతో తెచ్చి కొన్ని రోజులు స్నానాల తొట్టిలో వదిలే ఇళ్లూ ఉన్నాయట.

"మరి గన్ని రోజులు తానం యాడ జేస్తరంట?" అన్నాడు బాపు. ఇంజనీరు నవ్వాడు. వెంటనే బాపు అసలు సంగతికి వచ్చాడు. "మావోడు ఆడ ఏం కొలువు జేస్తుండో అడుగు."

మార్చి చెప్పొచ్చు, దుబాసీని నేనే. కానీ ప్రశ్న అడగగానే ఆయన నా అరచెయ్యి పట్టుకొని, కాయలు కాసిన చోటు బాపు ముందు తెరిచి చూపించాడు. మిషన్ ఈ చేతుల మీదే నిలబడిందన్నాడు. తన తాత మిల్లు సర్కారు తీసుకుందట. తాత అదే మిల్లులో కూలికి చేరాడట. అది కూడా నేనే తెలుగు చేయాల్సి వచ్చింది.

బాపు నా అరచేతి మీంచి చూపు తీసి ఆయన వైపు తిరిగాడు. "తల దించుకొని పోయెటోడా, అడుగు."

కాదట. రోజూ టై కట్టుకొని వెళ్లి, దాన్ని మేకుకు తగిలించి, పని బట్టలు వేసుకునేవాడట.

"మనసొంటోడే," అన్నాడు బాపు.

వెళ్లేటప్పుడు ఆయన తన పర్సులోంచి ఈ పొలుసు తీసి ఇచ్చాడు. పండగ చేపది, ఏడాదంతా దగ్గర ఉంచుకుంటే ఇంటికి లోటు ఉండదని వాళ్ల నమ్మకం.

మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నీళ్ల గోళెం పక్కన కిరోసిన్ సీసా, పాత గుడ్డ పెట్టి ఉన్నాయి. బాపు నా వైపు చూడకుండానే అన్నాడు: "ఇగ దొంగలెక్క ఆడ కడుక్కొని రాకు. ఇంట్ల కడుక్కో."

చేప వయసు పొలుసు మీది గీతల్లో తెలుస్తుందంటారు. నా పర్సులో అవి ఎప్పుడో అరిగిపోయాయి. బాపు పోయి ఎన్నేళ్లయినా ఆ కిరోసిన్ వాసన మాత్రం నిన్నటిదే.