స్పీడ్ బ్రేకర్ దాటాక

చెన్నై చింతాద్రిపేటలో పందొమ్మిదేళ్లుగా ఆటో తోలుతున్న వెంకటపతి ఏనాడూ ఎవరినీ గుద్దలేదు. అయినా రెండేళ్లుగా స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన ప్రతిసారీ చక్రం కింద మనిషి పడ్డట్టే గుండె జారిపోయేది. బండి తిప్పుకొని వెనక్కి వెళ్లి చూసేవాడు. రోడ్డు మీద ఎవరూ ఉండరు. కాస్త ముందుకు పోగానే, సరిగ్గా చూశానా అని మళ్లీ అనుమానం. ఒకనాడు ఎగ్మూరు స్టేషనుకు పోవలసిన గర్భిణిని ఎక్కించుకొని మూడుసార్లు వెనక్కి తిప్పాడు. ఆమెకు రైలు తప్పిపోయింది. మర్నాటి నుంచి ఆటో తీయలేదు.

ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే భార్య పచ్చయమ్మ అతన్ని అక్కడి సైకాలజిస్టు వర్షిణి దగ్గరికి తీసుకెళ్లింది. వర్షిణి పది ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుంది.

"ఈ ఆలోచనలు రోజుకు ఎంతసేపు వస్తా ఉండాయన్నా?"

"అరగంట ఉంటాదిమ్మా."

"వెనక్కి పోయి చూడకుండా ఆపుకోగలరా?"

"ఓ, ఆపుకుంటా."

పిచ్చని రాసేస్తే లైసెన్సు పోతుందని అతని భయం. అన్నింటికీ తేలిగ్గానే జవాబు చెప్పాడు. వర్షిణి పెన్ను పక్కన పెట్టింది.

"ఈడికి ఎట్ల వచ్చినారు?"

"బస్సులో. కడైసి సీట్లో, అందరికన్నా వెనక కూర్చొని..." వెంకటపతి తల దించుకున్నాడు. "బస్సు నేను తోల్లేదుమ్మా. అయినా ఎవరన్నా పడిపోయినారేమో అని వెనక అద్దంలోంచి చూస్తానే వచ్చినా."

"ఎవరికీ ఏం కాలేదని రోజుకు నూరుసార్లు నా చేత చెప్పిస్తాడుమ్మా," అంది పచ్చయమ్మ.

మళ్లీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టారు. ఈసారి అతను ఆరు గంటలన్నాడు. ఆపుకోవడం నా వల్ల కాదన్నాడు. మొత్తం లెక్క నలభైకి ఇరవైతొమ్మిది వచ్చింది.

"అంటే నాకు పిచ్చా?"

"లేదన్నా. జ్వరం ఎంతుందో చూస్తాం కదా, అట్లనే ఇది. మీకు ఎక్కువగానే ఉండాది. తగ్గించొచ్చు."

అక్కడి డాక్టరు మాత్రలిచ్చాడు. ఖాళీ ఆటోలో స్పీడ్ బ్రేకర్ దాటి, వెనక్కి చూడకుండా ఆగి కూర్చోవడం వర్షిణి నేర్పింది. మొదటిసారి చెమటకు చొక్కా తడిసిపోయింది. నలభై నిమిషాలకు భయం దానంతటదే సన్నగిల్లింది. ఎవరికీ ఏం కాలేదు కదా అని అతను ఎన్నిసార్లు అడిగినా బదులివ్వకుండా ఉండడం పచ్చయమ్మ పని. ఆమెకు అది ప్రాణం మీదికి వచ్చినట్టుండేది.

నాలుగు నెలలకు లెక్క పదిహేనుకు దిగింది.

"సున్నా రాలేదేమ్మా?"

"పదిహేనుతో కూడా బండి తోలొచ్చన్నా."

ఆ సోమవారం మళ్లీ ఆటో తీసి, ఒక ముసలాయనను ఎక్కించుకొని పెరంబూరు పోతుంటే స్పీడ్ బ్రేకర్ మీద బండి గట్టిగా ఎగిరింది. వెంకటపతి గుండె దడదడలాడింది.

"మెల్లగా పో తంబీ," అన్నాడు ముసలాయన.

"సరిప్పా," అని ముందుకే పోయాడు.